పద్యనాటకంలో హార్మోనిస్టు: అపోహలు – వాస్తవాలు

అపోహ: హార్మోనిస్టు శృతి ఇస్తాడు, అంతే.

వాస్తవం: పద్యానికి తాళం ఉండదు. ఏ మాట మీద రాగం తీయాలో, ఎక్కడ ఆపాలో నటుడు అప్పటికప్పుడు తేల్చుకుంటాడు. ఆయన ఊపిరి పీల్చుకునేలోపు రాగం తెగకుండా పట్టుకునేది హార్మోనీయే. వచనం నడుస్తుండగానే తర్వాతి పద్యం రాగాన్ని కాస్త వినిపించి, హార్మోనిస్టులం నటుడికి ఎత్తుగడ అందిస్తాం. పాదం మరిచిపోతే రాగాన్ని ఇంకో చుట్టు తిప్పి, మెల్లగా మాట అందిస్తాం. అందుకే అందరి పద్యాలూ మాకు కంఠతా ఉండాలి. పాటల్లో తబలా ఎత్తుకునేదీ ఆపేదీ మా సైగతోనే.

అపోహ: అంతా రిహార్సల్స్‌లోనే కుదిరిపోతుంది.

వాస్తవం: 1885 నుంచి కుటుంబాలే సమాజాలుగా ఆడుతున్న సురభి వాళ్ల సంగతి వేరు. కాంట్రాక్టు నాటకాల్లో నటులు తలో ఊరి నుంచి నేరుగా మేకప్‌కే వస్తారు. పడకసీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకో కృష్ణుడు. ఒకరిది నాలుగున్నర శృతి, మరొకరిది ఐదు (ఏ మెట్టును ఆధార షడ్జమంగా పెట్టుకుని పాడతారో చెప్పే అంకెలివి). మోహన రాగం నాలుగున్నరలో మొత్తం నల్లమెట్లే, ఐదుకు వస్తే అన్నీ తెల్లమెట్లే. వేళ్ల నడకే మారిపోతుంది. ఎదురెదురుగా నిలబడి వాదించుకునే పాత్రలకు వేర్వేరు శృతులుంటే, మెట్ల వరుసను పక్కకు జరిపి శృతి మార్చుకునే స్కేల్ ఛేంజర్ పెట్టె ఉన్నా, అలా జరిపే వ్యవధి దొరకదు. పైగా జనం ‘వన్స్ మోర్’ అంటే పద్యం మళ్లీ మొదటికి!

అపోహ: గమకం (స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించడం) పలకని పెట్టె, దానికేం విలువ?

వాస్తవం: ఆ వాదంతోనే ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని దూరం పెట్టింది. రంగస్థలం మాత్రం వదల్లేదు. మైకులు లేని రోజుల్లో చివరి వరుసదాకా వినపడి, నటుడి గొంతుకు ఆసరా అయింది ఈ పెట్టే. గమకానికి దగ్గరగా తీసుకురావడం బెల్లోస్ (గాలితిత్తి) మీద చెయ్యి ఎంత మెత్తగా పడుతుందన్న దాన్ని బట్టి ఉంటుంది.

అపోహ: వరసలన్నీ పాతవే, కొత్తగా కట్టేదేముంది?

వాస్తవం: కొత్త నాటకం వస్తే పద్యాలకు వరసలు కట్టే పని చాలాచోట్ల హార్మోనిస్టుదే. నేనైతే ముందు నటుడి చేత వచనం చదివిస్తాను. గొంతు ఎక్కడ నిండుగా ఉందో, పైస్థాయిలో ఎక్కడ సన్నబడుతుందో విని రాగం ఎంచుతాను. కాటిసీను లాంటి చోట దుఃఖం కదా అని అన్నిటికీ శివరంజని పెడితే మూడో పద్యానికే జనం అలిసిపోతారు. మధ్యలో ఒకటి హిందోళంలో గంభీరంగా నిలబడితే, తర్వాత వచ్చే ఏడుపు గుండెకు తగులుతుంది. వచ్చే ప్రదర్శనకు ఆ వేషం వేరే నటుడు కడితే, ఆ వరస మళ్లీ మార్చుకుంటాను.