టైమ్‌టేబుల్‌లో తుఫానుకి చోటు

ఆమదాలవలస,
ఆదివారం రాత్రి.

పెద్దదానికి, చిన్నోడికి, మేడ మీది అమ్మాయికి తాతయ్య ఆశీస్సులు.

పొద్దున అరుగు మీద మీరు ముగ్గురూ నా చేతిలో పెట్టిన ఇంటర్ చదువు టైమ్‌టేబుల్ కాగితం ఇంకా నా బల్ల మీదే ఉంది. రంగు పెన్సిళ్లతో చక్కగా గళ్లు గీశారు. తెల్లవారుజామున నాలుగున్నరకి లేవడం, రాత్రి పదకొండుకి పడుకోవడం, మధ్యలో అన్నానికి ఇరవై నిమిషాలు. "ఎలా ఉంది తాతయ్యా?" అని పెద్దది అడిగితే "బాగుందమ్మా" అన్నాను. అబద్ధం చెప్పాను. ఆ ముఖాల్లో ఉత్సాహం చూస్తూ ఇంకో మాట అనడానికి నోరు రాలేదు. అందుకే ఇలా రాస్తున్నాను.

ఆ కాగితంలో లోపం ఏమిటంటే, అందులో మీరు లేరు. రోజూ శ్రీకాకుళం వెళ్లి రావడానికి బస్సులో, బస్సు కోసం నిలబడడంలో పోయే గంటన్నర అందులో లేదు. చిన్నోడు ఏ ఏడైనా వానాకాలంలో ఒకసారి జ్వరం తెచ్చుకోకుండా ఉన్నాడా? అదీ లేదు. పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి పెద్దది అమ్మమ్మగారింటికి విజయనగరం వెళ్లకుండా ఉండదు. అది దసరా వెళ్లాక వచ్చే మంగళవారం అని నాకు తెలుసు, మీ కాగితానికి తెలీదు. అసలు మీ టైమ్‌టేబుల్ ప్రకారం మన జిల్లాలో తుఫానే రాదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. అప్పటికి మీరు బాగా చిన్నపిల్లలు. సముద్రం పక్కనున్న ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి తోటలు, జీడి తోటలు పడిపోయాయి, చాలా ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. అటువైపు మన చుట్టాల పిల్ల ఒకతె అప్పుడు సెకండియర్. మీలాగే గళ్లు గీసుకుని చదివేది. ఆ పది రోజులూ బిందె పట్టుకుని నీళ్ల కోసం నిలబడడానికే సరిపోయింది. మళ్లీ పుస్తకం తెరిచేసరికి కాగితం లెక్కలో పది రోజులు వెనకబడి ఉంది. ఆ పది రోజులూ అందుకోవాలని రాత్రిళ్లు మేలుకుంది. నవంబరులో మంచం పట్టింది. తుఫాను పట్టుకుపోయింది పది రోజులే. అందుకోవాలన్న ఆరాటం నెల రోజులు పట్టుకుపోయింది.

కాబట్టి నా మొదటి మాట: వారానికి ఆరు రోజులే చదువు రాసుకోండి. ఆదివారం మధ్యాహ్నం గడి ఖాళీగా ఉంచండి. ఏ పాఠం ఆ వారం పూర్తికాలేదో అది అక్కడికి వచ్చి కూర్చుంటుంది. అన్నీ పూర్తయితే పడుకోండి. నెలాఖరులో కూడా మూడు రోజులు ఏమీ రాయకుండా వదలండి. అక్టోబరు, నవంబరు నెలలకి పని తేలిగ్గా పెట్టుకోండి. సముద్రం పక్కన బతికేవాళ్లం, మనకి ఆ మాత్రం తెలియాలి.

ఇక ఫస్టియర్ సంగతి. "ఫస్టియర్ ఎలాగోలా లాగించేసి, సెకండియర్‌లో సీరియస్‌గా చదువుదాం" అని చిన్నోడు మెట్ల మీద ఎవరితోనో ఫోన్లో అంటుంటే నా చెవిన పడింది. ఒరే, ఆ మాట నీకంటే ముందు నేనన్నాను. శ్రీకాకుళంలో అద్దె గదిలో ఉండి, కిరసనాయిలు స్టవ్ మీద వండుకుంటూ చదివిన రోజుల్లో ఫస్టియర్ అంతా "ఇంకా టైముంది" అనుకుంటూ నాగావళి ఒడ్డున గడిపేశాను. ఫిజిక్స్ తప్పాను. లెక్కల లెక్చరర్‌గా రిటైరైన మనిషి ఫిజిక్స్ తప్పాడని మీ నాయనమ్మకి తప్ప ఇంట్లో ఎవరికీ తెలీదు, ఇప్పుడు మీకూ తెలిసింది. సెకండియర్‌లో ఒక చేత్తో కొత్త పాఠాలు, ఇంకో చేత్తో పాత ఫిజిక్స్. వెక్టర్లు రాకుండా అయస్కాంత క్షేత్రం అర్థం కాదు. త్రికోణమితి సూత్రాలు నాలుక మీద లేకపోతే సమాకలనంలో ప్రతి లెక్కా గోడే. మోల్ లెక్కలు రానివాడికి ద్రావణాల పాఠం ఏ భాషలో చెప్పినా ఒకటే. ఫస్టియర్ పాఠాల్ని సెకండియర్‌లో చదువుకోవచ్చు అనుకుంటారు గానీ, అవి రాకుండా సెకండియర్ పాఠాలే ముందుకి కదలవు.

ఎంట్రన్సుల్లో కూడా రెండేళ్ల సిలబస్సూ ఉంటుంది. మార్కులు ఎలా కలుస్తాయో ఒకసారి లెక్క వేసి చూపిస్తాను. మన రాష్ట్రం పెట్టే ఎంట్రన్స్ ఎంసెట్. దానికి 2021లో ఈఏపీసెట్ అని పేరు మార్చారు, మన నోటికి ఇంకా ఎంసెట్టే. ఇంజినీరింగ్ వాళ్లకి 160 ప్రశ్నలు, మూడు గంటలు. లెక్కలు 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. తప్పు రాస్తే మార్కు తెగదు. ర్యాంకు కట్టేటప్పుడు ఈ 160 మార్కుల్ని 75కి కుదిస్తారు, ఇంటర్‌లో గ్రూపు సబ్జెక్టుల (లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ) 600 మార్కుల్ని 25కి కుదిస్తారు, రెండూ కలుపుతారు. ఎంసెట్‌లో ఒక మార్కు అంటే దాదాపు 0.47. ఇంటర్‌లో ఒక మార్కు అంటే దాదాపు 0.042. అంటే గ్రూపు సబ్జెక్టుల్లో పదకొండు మార్కులు పోగొట్టుకుంటే ఎంసెట్‌లో ఒక ప్రశ్న పోయినట్టే. ఫస్టియర్‌లో నిర్లక్ష్యంగా ఓ 55 మార్కులు వదిలేస్తే, పరీక్ష హాల్లోకి అడుగు పెట్టకముందే ఐదు ప్రశ్నలు వదులుకున్నట్టు. పెద్దదానా, ఈ లెక్క నువ్వు మళ్లీ వేసి చూడు, నేను చెప్పానని నమ్మేయకు.

దేశమంతటికీ పెట్టే జేఈఈ మెయిన్ దారి వేరు. ఇంటర్ మార్కులు ర్యాంకులో కలవవు గానీ, ఎన్ఐటీ లాంటి కేంద్ర ఇంజినీరింగ్ కాలేజీలో సీటు కావాలంటే ఇంటర్‌లో 75 శాతం ఉండాలి, లేదా బోర్డులో పై 20 పర్సెంటైల్‌లో ఉండాలి. ఎస్సీ, ఎస్టీ పిల్లలకి 65 శాతం చాలు. 75 ప్రశ్నలు, 300 మార్కులు. ఒప్పుకి నాలుగు, తప్పుకి ఒకటి తెగుతుంది. జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి పెడతారు, రెండింటిలో మెరుగైన స్కోరే తీసుకుంటారు. అందుకని సంక్రాంతి వెళ్లగానే వచ్చే ఆ మొదటి దఫాకి భయపడి మానేయకండి. అది ఎలా ఉంటుందో చూసి రావడానికే వెళ్లండి. మెయిన్‌లో పైనున్న రెండున్నర లక్షల మందికే ఐఐటీల కోసం పెట్టే అడ్వాన్స్‌డ్ రాసే అర్హత. మెయిన్ ప్రశ్నపత్రం తెలుగులో కూడా తీసుకోవచ్చు, అడ్వాన్స్‌డ్ మాత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే. టెన్త్ దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లు ఈ సంగతి ఫస్టియర్‌లోనే గుర్తుపెట్టుకుంటే, రెండేళ్లలో ఆ ఇంగ్లీషు మాటలు కళ్లకి అలవాటైపోతాయి.

పర్సెంటైల్ అన్నాను కదా. 90 పర్సెంటైల్ అంటే నూటికి తొంభై మార్కులు కాదు. రాసిన ప్రతి వందమందిలో తొంభైమంది నీతో సమానంగానో, నీ కిందో ఉన్నారని. నిరుడు మన వీధిలో ఒకాయన కొడుక్కి తొంభై వచ్చాయని స్వీట్లు పంచాడు. నేను కూడా ఒకటి తిన్నాను, ఏమీ అనలేదు.

మేడ మీది అమ్మాయ్, నీది మెడికల్ సీట్లకి పెట్టే నీట్. 180 ప్రశ్నలు, 720 మార్కులు, మూడు గంటలు. బయాలజీ 90, ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45. మీ బైపీసీ పిల్లలు ఫిజిక్స్ అనగానే ముఖం తిప్పుకుంటారు, నాకు బాగా తెలుసు. సగం ప్రశ్నలు బయాలజీవే కదా అనుకుంటారు. బయాలజీ అందరూ బాగానే రాస్తారమ్మా, సీటు తేల్చేది ఆ 45 ఫిజిక్స్ ప్రశ్నలే. సాయంత్రాలు కిందికి దిగు. లెక్కలు అంటే భయం పోయేదాకా నేను చెప్తాను, నాకూ పొద్దు పోతుంది. శ్రీకాకుళంలోనూ, విజయనగరంలోనూ ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. అది కాకపోతే ఏమీ లేదనుకోకు. మన నైరలో వ్యవసాయ కళాశాల ఉంది, దానికి ఎంసెట్ ర్యాంకుతో వెళ్లొచ్చు. వంశధార నీళ్లు చూసి పెరిగిన పిల్లవి, వ్యవసాయం చదవడం తక్కువేమీ కాదు.

చిన్నోడికి ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలో సీటు రాలేదని వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. అక్కడ ఎంట్రన్స్ లేదు, టెన్త్ మార్కులతోనే ఇస్తారు. అది అయిపోయింది. ఇప్పుడు నేనడిగేది ఇంకొకటి. నీకు ఇంజినీరింగ్ కావాలా, లేక పెద్దది తీసుకుంది కాబట్టి ఎంపీసీ తీసుకున్నావా? ఈ ఏడంతా ఆలోచించి చెప్పు, తొందర లేదు. కానీ ఏ పరీక్ష ముఖ్యమో ఒక్కటి తేల్చుకో. అన్నింటికీ ఫీజు కట్టి, అన్నింటికీ సగం సగం చదివినవాళ్లని చాలామందిని చూశాను.

ఇప్పుడు నాకు బాగా తెలిసిన గది గురించి చెప్తాను. స్పాట్ వాల్యుయేషన్, అంటే బోర్డు పరీక్షల జవాబు పత్రాలు దిద్దే చోటు. మార్చి ఎండల్లో, గిర్రుమనే ఫ్యాన్ కింద, ఎర్ర పెన్ను పట్టుకుని ఏళ్ల తరబడి కూర్చున్నాను. ఒక్కో పేపర్‌కి మా దగ్గర ఉండేది కొద్ది నిమిషాలే. ఆ కాసేపట్లో పిల్లలు ఎక్కడ మార్కులు జారవిడుస్తారో తెలుసా? రానిచోట కాదు, వచ్చినచోట. తెలివైన పిల్ల నాలుగు మెట్లు మనసులో ఎక్కేసి ఐదో మెట్టు రాస్తుంది. జవాబు సరైనదే, కానీ మధ్య మెట్లకి ఉండే మార్కులు ఎక్కడ వెయ్యాలి? ప్రశ్న నంబరు వెయ్యకుండా రాసేవాళ్లు, ఫిజిక్స్‌లో యూనిట్లు మరిచిపోయేవాళ్లు. ఒకే లెక్కని మూడో పేజీలో ఒకసారి, పదకొండో పేజీలో ఒకసారి చేసి, దేన్నీ కొట్టెయ్యకుండా వదిలేసేవాళ్లు. చివరి పేజీలో "సార్, మా నాన్నకి బాగోలేదు, పాస్ చెయ్యండి" అని రాసినవీ చూశాను. అవి చదివినప్పుడు మధ్యాహ్నం క్యారేజీ విప్పబుద్ధి అయ్యేది కాదు. ఏం చెయ్యగలం, రాసినదానికే మార్కు.

అందుకే చెప్తున్నా: ఎంట్రన్స్ లెక్క వేరు, బోర్డు లెక్క వేరు. ఎంట్రన్స్‌కి ఒక ప్రశ్నకి నిమిషం పైచిలుకు, అక్కడ మెట్లు దాటెయ్యాలి. బోర్డులో ప్రతి మెట్టూ కనబడాలి. ఒకే లెక్కని రెండు రకాలుగానూ చెయ్యడం ఫస్టియర్ నుంచే అలవాటు చేసుకోండి. ముందు పూర్తిగా రాయండి, తర్వాత అదే లెక్క గడియారం పెట్టుకుని చెయ్యండి.

ఇంకో చిన్న పని, ఈ నెలలోనే. మీ టెన్త్ మెమో, ఆధార్ కార్డు పక్కపక్కన పెట్టి పేరు అక్షరం అక్షరం చూసుకోండి. మన ఇళ్లలో ఇంటిపేరు ఒకచోట పొడవుగా, ఒకచోట ఒక్క అక్షరంగా ఉంటుంది. నా సొంత సర్టిఫికెట్లలో మా నాన్న పేరు రెండు రకాలుగా ఉండి, పెన్షన్ కాగితాల కోసం ఎన్నిసార్లు తిరిగానో మీ నాయనమ్మని అడగండి. ఇప్పుడైతే చేతిలో రెండేళ్లుంది. దరఖాస్తు ఆఖరి రోజున సర్వర్ తిరుగుతూ ఉండగా ఇది బయటపడితే టెన్షన్ తప్పదు. బీసీ పిల్లలకి జాతీయ పరీక్షల్లో ఓబీసీ సర్టిఫికెట్ కేంద్రం నమూనాలో ఉండాలి, మన రాష్ట్రం కులపత్రం ఒక్కటీ సరిపోదు. మీ నాన్నలకి ఈ సంగతి నేను చెప్తాను.

నిద్ర గురించి ఒక్క మాటే. నాలుగున్నరకి లేచే పిల్లలు పదకొండుకి పడుకోరు, పడుకోకూడదు. ఏదో ఒకటి మార్చండి.

మార్కులు తక్కువ వచ్చిన రోజున, ర్యాంకు రాని రోజున ఎవరికీ చెప్పలేక గదిలో తలుపు వేసుకోకండి. నా గది తలుపుకి గడియ పడదని మీకు తెలుసు, ఏ వేళైనా రావచ్చు. నాతో కూడా చెప్పలేమనిపిస్తే 14416కి ఫోన్ చెయ్యండి. టెలీ మానస్ అని ప్రభుత్వం పెట్టింది, డబ్బు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. నెంబరు మీ ముగ్గురి పుస్తకాల అట్టల లోపలా నేనే రాసిపెడతాను.

మీ కాగితం చించెయ్యకండి, గళ్లు బాగా గీశారు. వచ్చే ఆదివారం పొద్దున పెన్సిలు, రబ్బరు పట్టుకుని అరుగు మీదికి రండి. బస్సు గంటన్నర, సిరిమాను మంగళవారం, ఆదివారం ఖాళీ గడి ముందు పెట్టి, మిగిలినదాంట్లో చదువు సర్దుదాం. కంచిలి నుంచి పనసపండు వచ్చింది, అప్పటికి పండుతుంది. చిన్నోడా, వచ్చేటప్పుడు చెయ్యికి రాసుకోడానికి నూనె సీసా నువ్వే తీసుకురా, కిందటిసారి జిగురంతా నా కళ్లజోడుకి అంటించావు.

మీ తాతయ్య