పథ్యం పేరుతో పుండుకు పస్తులు

"పప్పు పెట్టకు బిడ్డా, చీము పడతది." వరంగల్‌లో ఏ ఆసుపత్రి వార్డులో కూర్చున్నా ఈ మాట చెవిన పడుతుంది. ములుగు నుంచో జనగామ నుంచో తోడు వచ్చిన పెద్దమ్మలది ఆ మాట. తుంటి విరిగి మంచాన పడ్డ ముసలాయనకు ఆ రోజు నుంచి పప్పు బంద్, గుడ్డు బంద్. గంజి, ఇడ్లీ, కొబ్బరి నీళ్లే మిగులుతాయి. "గ్లూకోజ్ ఎక్కిస్తున్నరు గదా" అనే ధైర్యం ఒకటి. మామూలుగా ఎక్కించే 5 శాతం గ్లూకోజ్ అర లీటరు సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర. వంద కేలరీలు కూడా రావు, ప్రొటీన్ సున్నా.

కొన్నాళ్లకు నడుము కింద ఎముక దగ్గర పడక పుండు తేలుతుంది. వార్డులో అందరూ బెడ్ సోర్ అంటారు. మనం నిద్రలో తెలియకుండానే ఒత్తిగిల్లుతాం, కదల్లేని మనిషికి ఆ వీలుండదు. ఎముకకూ పరుపుకూ మధ్య సన్నని రక్తనాళాలు నలిగి, నెత్తురు అందక కండ చచ్చిపోతుంది. చాలాసార్లు దెబ్బ లోపలే మొదలవుతుంది. మన చామనఛాయ చర్మం మీద ఎరుపు సరిగా కనిపించదు కూడా. చేత్తో తాకి, వేడిగానో గట్టిగానో ఉందా అని చూడాలి. ఉంటే రుద్దొద్దు, లోపలి కండ ఇంకా దెబ్బతింటుంది.

ఇక పప్పు సంగతి. చీము పట్టేది సూక్ష్మజీవుల వల్ల, పప్పు వల్ల కాదు. వాటితో పోరాడే యాంటీబాడీలూ ప్రొటీన్లే, పుండు పూడ్చే కొల్లాజెనూ ప్రొటీనే. పైగా రసి కారే పుండు నుంచి కొంత ప్రొటీన్ బయటికి పోతుంది. అందుకే పుండు ఉన్నవారికి ఒంటి బరువులో కిలోకు రోజూ 1.25 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్, 30 నుంచి 35 కేలరీలు కావాలంటారు. 50 కిలోల మనిషికి కనీసం 62 గ్రాముల ప్రొటీన్ అన్నమాట. రెండు గుడ్లు, రెండు గ్లాసుల పాలు, వండక ముందు తూచిన వంద గ్రాముల పప్పు, వాటికి తోడు రెండు పూటలా అన్నం తింటే ఆ దరిదాపుల్లోకి వస్తాం. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం డాక్టరునడిగే పెంచాలి.

తినిపించడంలోనూ ఓ చిక్కుంది. తల ఎత్తి తినిపించి అలాగే వదిలేస్తే మనిషి మెల్లగా కిందికి జారతాడు. చర్మం పరుపుకు అతుక్కుని ఉంటుంది, లోపలి కండ మాత్రం జారుతుంది. ఆ లాగుడుకు మధ్యలోని రక్తనాళాలు నలుగుతాయి. తిన్నది కాస్త కుదురుకున్నాక తల దించి, ఓ పక్కకు కొద్దిగా వాల్చి, వీపు వెనక దిండు పెట్టాలి. పిక్కల కింద ఇంకోటి పెడితే మడమలు పరుపుకు తగలవు. గాలి పరుపు వేశాం కదా అని పక్కకు తిప్పడం మానకూడదు.

పుండు ముప్పును అంచనా వేయడానికి 1987లో వచ్చిన బ్రేడెన్ స్కేలులో ఆరు అంశాలుంటే, అందులో తిండి ఒకటి. కేస్ షీట్‌లో సెలైన్ ఎంత ఎక్కిందో మిల్లీలీటర్లతో సహా రాస్తాం. ప్లేటులో ఎంత మిగిలిందో కూడా ఆ పక్కనే రాయడానికి ఒక్క గడి చాలు.