టికెట్ వెనక నుంచి ముక్కు దాకా

2019 ఆగస్టులో తిరుమల బస్సు ఎక్కిన కొందరు చేతిలోని టికెట్ తిప్పి చూశారు. వెనక హజ్, జెరూసలేం యాత్రల గురించి ప్రభుత్వ ప్రకటన ఉంది. గొడవ రాష్ట్రమంతా పాకింది. నెల్లూరుకు వెళ్లాల్సిన టికెట్ రోల్స్ పొరపాటున ఇటు వచ్చాయని ఆర్టీసీ వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. వేలెడంత కాగితానికే అంత రభస! ఇప్పుడు ప్రకటనల వాళ్ల చూపు స్టేషన్ మొత్తం మీద ఉంది. నేల, స్తంభాలు, మెట్లు, మైకు, ఆఖరికి గాలిలో వాసన కూడా ఒకే కంపెనీకి అద్దెకివ్వచ్చు అంటున్నారు.

మన దగ్గర దీనికి ముత్తాత ప్లాట్‌ఫాం మీది బరువు తూచే మిషన్. రంగు బల్బులు గిర్రున తిరుగుతుంటే పిల్లలు అక్కడి నుంచి కదిలేవాళ్లు కాదు. నాణెం వేస్తే టక్కున అట్టముక్క పడేది, ఒకవైపు బరువు, మరోవైపు జాతకం. రైలు అరగంట లేటైతే దానికి పంటే. బస్సుల వెనక బోర్డులు, స్టేషన్ టీవీలు కూడా ఆ ఖాళీ సమయం మీదే బతికాయి. 2017 జనవరిలో రైల్వే శాఖ టికెట్టేతర ఆదాయానికి విధానమే ప్రకటించింది. రైళ్లకు ప్రకటనలు తొడగడం అందులో భాగం.

బయటి దేశాలు ఇంకా ముందుకెళ్లాయి. 2010లో ఐకియా పారిస్ మెట్రో స్టేషన్లలో తన సోఫాలు వేసింది. (మన స్టేషన్‌లో వేస్తే కంపెనీ పేరు ఎవరూ చూడరు, గుండు మీది గంధం ఆరకముందే దుప్పటి కప్పుకుని పడుకుంటారు.) 2011లో సియోల్ సబ్‌వే గోడల మీద టెస్కో అనే సూపర్‌మార్కెట్ కంపెనీ సరుకుల బొమ్మలు అంటించింది. ఫోన్‌తో కోడ్ స్కాన్ చేస్తే సరుకు ఇంటికొచ్చేది. మరుసటి ఏడాది అదే ఊరి బస్సుల్లో డంకిన్ డోనట్స్ పాట మోగగానే కాఫీ వాసన చిమ్మేది.

అన్నీ చెల్లలేదు. 2006 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో బస్‌స్టాపుల్లో పాల ప్రకటన కోసం బిస్కెట్ల వాసన పెట్టారు. ఫిర్యాదులు రావడంతో వెంటనే తీసేశారు. బొమ్మ నచ్చకపోతే తల తిప్పుకోవచ్చు, వాసనకు అడ్డం పెట్టేదేముంది? ఆ మాటకొస్తే తిరుపతి బస్టాండులో లడ్డూ సంచుల ఘుమఘుమ ఏ కంపెనీ డబ్బు కట్టకుండానే ఊరంతా తిరుగుతుంది.

తిరుపతి రైల్వే స్టేషన్‌ను తిరగకట్టే పని మొదలయ్యాక ఈ చర్చ ఇక్కడికీ వచ్చింది. కొత్త గోడలంటే కొత్త అద్దెలు. చిక్కు హద్దుల దగ్గర ఉంది. కొండ మీద ఏం కనిపించాలో టీటీడీ చూసుకుంటుంది. కింద స్టేషన్ రైల్వేది, బస్టాండ్ ఆర్టీసీది, రోడ్డు మీది హోర్డింగులకు అనుమతి కార్పొరేషన్‌ది. రైలు దిగిన భక్తుడికి మాత్రం ప్లాట్‌ఫాం నుంచి మహాద్వారం దాకా అంతా ఒకే యాత్ర. 2019 నాటి టికెట్ రోల్‌కు కూడా ఈ హద్దులేవీ అడ్డం రాలేదు.