సీఈ ముద్ర వెనక సంతకం ఎవరిది?

యూరప్‌లో అమ్మే మెషిన్ నేమ్‌ప్లేటు మీద సీ, ఈ అనే రెండు అక్షరాలు ఉంటాయి. వాటి ఎత్తు 5 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఎవరో అధికారి వచ్చి మెషిన్ చూసి పాస్ చేశాక ఆ ముద్ర పడుతుందని చాలామంది అనుకుంటారు. ఎక్కువ మెషిన్ల విషయంలో అది నిజం కాదు. ముద్ర వేసేదీ, మెషిన్ యూరప్ చట్టానికి తగ్గట్టే ఉందనే ప్రకటన మీద సంతకం పెట్టేదీ తయారీదారే. మెషిన్ల భద్రతకు ఈయూ పెట్టిన మెషినరీ డైరెక్టివ్ స్థానంలో 2027 జనవరి 20 నుంచి 2023/1230 అనే కొత్త చట్టం వస్తోంది. ఆ సంతకం బరువు ఎవరెవరి మీద పడాలన్న లెక్కను ఇది మళ్లీ సరిచేస్తోంది.

ఈ కథ ఐకమత్యంతో కాదు, అనైక్యతతో మొదలైంది. పశ్చిమ జర్మనీ 1968లో మెషిన్ల భద్రతకు సొంత చట్టం తెచ్చుకుంది, తర్వాత జీఎస్ అనే సొంత భద్రతా ముద్ర పెట్టింది. ఫ్రాన్స్, బ్రిటన్‌లకూ ఎవరి చట్టాలు వారివే. ఒకే పవర్ ప్రెస్‌ను సరిహద్దు దాటించాలంటే గార్డు (చెయ్యి లోపలికి పోకుండా ఆపే కవచం) మార్చాలి, కాగితాలు మార్చాలి. 1979లో కాసిస్ ద డిజోన్ అనే ఫ్రెంచి మద్యం కేసులో, ఒక దేశంలో చట్టబద్ధంగా అమ్మే సరుకును ఇంకో దేశం ఊరికే ఆపకూడదని యూరప్ కోర్టు తేల్చింది. అయితే ఆరోగ్యం లాంటి బలమైన కారణాలకు మినహాయింపు మిగిలింది. చేతులు నలిగే మెషిన్ల విషయంలో ఆ మినహాయింపే పెద్ద అడ్డుగోడ.

ప్రతి బోల్టునూ చట్టంలోనే రాసి ఏకాభిప్రాయం సాధించే పాత పద్ధతి సాగక, 1985 మే 7న దారి మార్చారు. చట్టం ‘ఏం సాధించాలి’ అన్నంత వరకే చెబుతుంది, ‘ఎలా’ అన్నది ప్రమాణాల సంస్థలు సెన్, సెనెలెక్ చూసుకుంటాయి. ఆ ప్రమాణాన్ని పాటిస్తే చట్టాన్ని పాటించినట్టే భావిస్తారు. పాటించకపోయినా తప్పు లేదు, అంతే భద్రత ఉందని వేరే దారిలో చూపిస్తే చాలు. ఈ పద్ధతిలోనే 1989 జూన్ 14న మెషినరీ డైరెక్టివ్ 89/392 వచ్చింది. 1993 నుంచి అమలైంది, రెండేళ్ల వెసులుబాటు తీరి 1995 జనవరి 1 నుంచి తప్పనిసరి అయింది. 98/37 డైరెక్టివ్ దాన్నీ, దాని సవరణలనూ ఒకచోట కూర్చింది. దాని స్థానంలో వచ్చిన 2006/42 డైరెక్టివ్ 2009 డిసెంబరు 29 నుంచి అమలైంది.

వీటన్నిటికీ వెన్నెముక ఒక్కటే వరస. ముందు ప్రమాదాన్ని డిజైన్‌లోనే తీసేయాలి. కుదరకపోతే గార్డు, సెన్సరు పెట్టాలి. అప్పటికీ మిగిలినదానికే హెచ్చరిక. గేర్లకు కవరు వేయగలిగి ఉండి ‘జాగ్రత్త’ స్టిక్కరుతో సరిపెట్టే మెషిన్ ఈ వరస దగ్గరే తప్పుతుంది.

ప్రెస్ ముందు నిలబెట్టే లైట్ కర్టెన్‌ను తీసుకుందాం. అది కిరణాల తెర, చెయ్యి అడ్డొస్తే మెషిన్‌ను ఆపుతుంది. దాన్ని ప్రమాదస్థలానికి కనీసం ఎంత దూరంలో పెట్టాలన్నదే లెక్క. చెయ్యి కిరణాన్ని తాకిన క్షణం నుంచి ర్యామ్ (ప్రెస్‌లో కిందికి దిగే భాగం) పూర్తిగా ఆగేవరకు 0.15 సెకను పడుతుందనుకోండి. చెయ్యి వేగాన్ని సెకనుకు 2000 మిల్లీమీటర్లుగా లెక్క కడతారు, అంటే దూరం 300 మిల్లీమీటర్లు. కర్టెన్ రిజల్యూషన్ (అది పట్టగల అతి చిన్న వస్తువు మందం) 14 మిల్లీమీటర్లు అయితే అదే దూరం చాలు. 30 అయితే 14 పోగా మిగిలిన 16ను 8తో గుణించి 128 కలపాలి, మొత్తం 428. బ్రేకు అరిగి ఆగే సమయం 0.20 సెకనుకు చేరితే లెక్క 528 అవుతుంది. 500 దాటితే 1600 వేగంతో మళ్లీ కట్టొచ్చు గానీ, ఫలితం ఎంత తగ్గినా 500కు దిగడానికి వీల్లేదు. అంటే ఇప్పుడు కావాల్సింది 500, కాబట్టి 428 దగ్గర బిగించిన కర్టెన్ అలా 72 మిల్లీమీటర్లు దగ్గరైపోతుంది. దీపం పచ్చగానే వెలుగుతుంటుంది! ఆగే సమయాన్ని కొలిచిన కాగితం తయారీదారు దగ్గరుండే సాంకేతిక ఫైల్లో లేకపోతే సంతకానికి ఆధారం లేనట్టే. ఆ ఫైలును పదేళ్లు భద్రపరచమన్నది అందుకే.

వైరింగ్ సంగతికొస్తే, 1996 నాటి ఈఎన్ 954-1 ప్రమాణం సేఫ్టీ సర్క్యూట్లను బీ, 1, 2, 3, 4 కేటగిరీలుగా విడగొట్టింది. రెండు ఛానళ్లు (ఒకటి పాడైనా రెండోది ఆపే జంట దారులు) ఉన్నాయా లాంటి అమరికనే అది చూసింది గానీ, ఆ కాంటాక్టర్ (కరెంటును కలిపే, తెంచే స్విచ్చి) ఎన్నాళ్లు మన్నుతుందో అడగలేదు. ఈఎన్ ఐఎస్‌ఓ 13849-1 ఆ ప్రశ్న అడిగి, ఏ నుంచి ఈ దాకా పెర్ఫార్మెన్స్ లెవెల్స్ (ఎంత నమ్మొచ్చో చెప్పే మెట్లు) పెట్టింది. లెక్కలు ఎక్కువని తయారీదారులు మొత్తుకోవడంతో పాతదానికి 2011 చివరి వరకు గడువు పొడిగించారు. కొటేషన్లలో ‘కేటగిరీ 3’ అని మాత్రమే రాసి ఊరుకోవడం ఆ కాలపు అలవాటే.

అన్నిటికన్నా చిక్కు, మెషిన్లను వరసగా కలిపిన ఉత్పత్తి లైన్లలో వస్తుంది. గ్రిప్పర్ (వస్తువును పట్టుకునే భాగం) లేని రోబో చెయ్యి అసంపూర్ణ మెషిన్ కింద లెక్క. దాని తయారీదారు ఇచ్చేది వేరే మెషిన్‌లో కలపడానికని చెప్పే బిగింపు ప్రకటన మాత్రమే, సీఈ ముద్ర కాదు. దాన్ని సెల్‌లో (రోబో, దాని చుట్టూ ఉండే మెషిన్ల సముదాయంలో) కలిపినవాడే మొత్తానికి సంతకం పెట్టాలి. సీఈ ఉన్న మూడు మెషిన్లను కన్వేయర్‌తో కలిపి, మొత్తం లైనుకు ఎవరూ ప్రకటన ఇవ్వకపోవడం తరచుగా కనిపించే తప్పు. ఒక మెషిన్ ఎమర్జెన్సీ స్టాప్ నొక్కితే అదొక్కటే ఆగుతుంది, పక్కది ఇంకా సరుకు తోస్తూనే ఉంటుంది.

సంతకం తయారీదారుదైతే మధ్యవర్తి సంగతేమిటి? ఫిన్లండ్‌లో ప్రెస్ బ్రేక్ (రేకును వంచే మెషిన్) ప్రమాదం మీద వచ్చిన సీ-40/04 కేసులో యూరప్ కోర్టు 2005లో దానికి జవాబిచ్చింది. ఇంకో సభ్య దేశంలో తయారై సీఈ ముద్రతో వచ్చిన మెషిన్ నిజంగా సురక్షితమో కాదో ముందుగా పరీక్షించమని దిగుమతిదారును బలవంతపెట్టకూడదంది. ముద్ర, ప్రకటన, స్థానిక భాషలో సూచనలు ఉండేలా చూడమనడం వరకు సరే. కొత్త చట్టం ఈయూ బయటి నుంచి తెచ్చేవారి బాధ్యతను వివరంగా రాసేసింది. మెషిన్ చట్టానికి సరిపోతుందన్న అంచనాను తయారీదారు పూర్తిచేశాడా, ఫైలు ఉందా అని చూడాలి, తన పేరూ చిరునామా మెషిన్ మీద ఉండాలి. మన దగ్గర నుంచి ఎగుమతి చేసేవారిని అక్కడి కొనుగోలుదారు పదేపదే కాగితాలు అడగడం అనుమానంతో కాదు, ఇక అది అతని మెడకు చుట్టుకుంటుంది గనుక.

కొత్త చట్టంలో ఆరు రకాలకు సొంత సంతకం చాలదు, నోటిఫైడ్ బాడీ (ప్రభుత్వం గుర్తించిన స్వతంత్ర తనిఖీ సంస్థ) తప్పనిసరి. వాహనాల లిఫ్టులు, భద్రతా పనులు చేసే స్వయంగా నేర్చుకునే సాఫ్ట్‌వేర్ అందులోవే. సూచనల పుస్తకాన్ని డిజిటల్‌గా ఇవ్వొచ్చు, కానీ కొనేటప్పుడు అడిగితే ఉచితంగా కాగితం మీద ఇవ్వాలి. మెషిన్‌ను గణనీయంగా మార్చి కొత్త ప్రమాదం తెచ్చిన ఫ్యాక్టరీయే ఆ మార్పుకు తయారీదారు అవుతుంది. ప్రకటన శీర్షిక కూడా ‘ఈసీ’ నుంచి ‘ఈయూ’కు మారుతుంది. తేదీ లెక్క డ్రాయింగ్‌ది కాదు, మోడల్‌ది కాదు. ఒక్కొక్క మెషిన్‌నూ ఈయూ మార్కెట్లో తొలిసారి అందించిన రోజుదే. పాత ఫార్మాట్లో ముందే ప్రింటు తీసి పెట్టుకున్న ప్రకటనలు 2027 జనవరి 19 దాటాక అందించే మెషిన్లకు పనికిరావు.