మంచు బడికి వెళ్ళబోయే చిట్టికీ, తమ్ముడికీ

రావులపాలెం,
కార్తీక మాసం.

చిరంజీవి చిట్టికీ, బుజ్జిగాడికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో నువ్వు అడిగినదానికి అమ్మమ్మ "అదేం లేదులే తల్లీ" అని సరిపెట్టేసింది. "క్రిస్మస్ సెలవుల్లో అమ్మ మమ్మల్ని మంచులో వదిలేసి వెళ్ళిపోతుందట, నిజమేనా?" అని కదా అడిగావు? నిజమే. కాకపోతే మంచులో కాదు, బడిలో. పొద్దున్న దించుతారు, మధ్యాహ్నం మూడింటికల్లా వచ్చి తీసుకెళతారు. ఆ మధ్యలో ఏం జరుగుతుందో తెలిస్తే సగం టెన్షన్ అక్కడే పోతుంది. అమెరికాలో డెన్వర్‌లో పెద్దమ్మ దగ్గరున్నప్పుడు అన్నయ్యని స్కీ బడిలో, అంటే కాళ్ళకి స్కీలనే పొడవాటి పట్టీలు బిగించుకుని మంచు వాలు మీద జారడం నేర్పే బడిలో, దించడానికి నేనూ వెళ్ళేవాణ్ణి. వాళ్ళంతా కొండెక్కేస్తే నేను కింద అద్దాల గదిలో కాఫీ పట్టుకుని కూర్చుని చిన్నపిల్లల పాఠాలు చూస్తుండేవాణ్ణి. నాకు స్కీ రాదు. కానీ చూడడం బాగా వచ్చు.

తమ్ముడి సంగతి చివర్లో రాశాను. అది నువ్వు గట్టిగా చదివి వాడికి వినిపించు.

ముందు ఎత్తు సంగతి. మన లంకల్లో పుట్టినవాళ్ళకి ఎత్తంటే గోదారి గట్టే. డెన్వర్ ఊరే సముద్రమట్టానికి 1,600 మీటర్ల ఎత్తులో ఉంటుంది. మీరు స్కీ బడికి వెళ్ళే కొండ ఊరు బ్రెకెన్‌రిడ్జ్ ఇంకా పైన, 2,900 మీటర్లు. అక్కడ గాలి పలచన. ఇక్కడ ఒక ఊపిరిలో అందే ప్రాణవాయువులో అక్కడ 70 శాతం దాకే అందుతుంది. అందుకే మొదటి రోజు తలనొప్పి రావచ్చు, అన్నం సయించకపోవచ్చు, రాత్రి నిద్ర సరిగ్గా పట్టకపోవచ్చు. డెన్వర్‌లో ఒకటి రెండు రాత్రులు పడుకుని పైకి వెళితే ఒంటికి కాస్త అలవాటవుతుంది. దాహం వేయకపోయినా నీళ్ళు తాగుతుండు. తలనొప్పి వస్తే దాచుకోకుండా టీచరుకి చెప్పు. చెబితే ఆట ఆపేస్తారేమోనని పిల్లలు దాచుకుంటారని నాకు తెలుసు, మీ అమ్మ చిన్నప్పుడు జ్వరాన్ని కూడా అలాగే దాచేది.

ఇక బూట్లు. బడిలో మొదటి ఏడుపు చాలామందికి బూట్ల దగ్గరే మొదలవుతుంది. అవి మనం వేసుకునే బూట్లలా మెత్తగా ఉండవు. గట్టి ప్లాస్టిక్ డిప్ప, లోపల మెత్తటి తొడుగు, పైన బిగించే బకిల్స్. పాదం పొడవు సెంటీమీటర్లలో కొలిచి సైజు ఇస్తారు. తొడిగాక మోకాలు కొంచెం ముందుకు వంగే ఉంటుంది, నిటారుగా నిలబడదామన్నా కుదరదు. అది తప్పు సైజు కాదు, దాని తయారీయే అంత. వేళ్ళు ముందు తగిలీ తగలనట్టు ఉండాలి, మడమ మాత్రం పైకి లేవకూడదు. నడిచేటప్పుడు మడమ ముందు ఆనించి నడవాలి. నువ్వు నడుస్తుంటే టకటకమని చప్పుడవుతుంది, నీకు నచ్చుతుంది.

చలేస్తుందని అమ్మమ్మ ఇప్పటికే ఊలు సాక్సులు కొని పెట్టింది, రెండేసి జతలు తొడగమని మీ అమ్మకి చెబుతుంది కూడా. వినొద్దు. ఒక్క జతే, అదీ పలచనిది, మోకాలి కిందదాకా వచ్చేది. రెండు జతలు తొడిగితే బూటు బిగిసిపోయి రక్తం సరిగ్గా ఆడదు, పాదాలు ఇంకా చల్లబడతాయి. మడత పడిన చోట బొబ్బ లేస్తుంది. ప్యాంటు అంచు బూటు లోపలికి దూర్చకూడదు, లోపల కాలూ సాక్సూ తప్ప ఇంకేం ఉండకూడదు. చేతులకి ఐదు వేళ్ళ గ్లవ్స్ కంటే నాలుగు వేళ్ళూ ఒకే సంచిలో పట్టేవి మేలు, వేళ్ళు ఒకదాన్నొకటి వెచ్చబెట్టుకుంటాయి. ఇంకో మాట. ఇది ఉత్తరంలో రాయొచ్చో రాయకూడదో గానీ, ఇవన్నీ తొడుక్కోకముందే బాత్‌రూమ్‌కి వెళ్ళిరా. తొడుక్కున్నాక గుర్తొస్తే మళ్ళీ అన్నీ విప్పడానికి పావుగంట పడుతుంది.

స్కీలు అద్దెకిచ్చేచోట నీ బరువు, ఎత్తు, వయసు, స్కీ ఎంత వచ్చు అని అడుగుతారు. ఎందుకో తెలుసా? స్కీకీ బూటుకీ మధ్య ఒక బిగింపు ఉంటుంది. నువ్వు పడినప్పుడు కాలు మెలిపడేంత ఒత్తిడి వస్తే అది తనంతట తానే ఊడిపోవాలి. మామూలుగా వెళ్ళేటప్పుడు మాత్రం ఊడకూడదు. నువ్వు చెప్పిన లెక్కలకి బూటు అడుగు పొడవు కూడా కలిపి, ఎంత ఒత్తిడికి ఊడాలో అక్కడి మనిషి మర తిప్పి పెడతాడు. కాబట్టి నీకు స్కీ రాకపోతే రాదనే చెప్పు. ఆ కౌంటరు దగ్గర గొప్పలకు పోకూడదు.

పాఠం మొదట చదునైన నేల మీదే. ఒక కాలికి స్కీ వేసుకుని, రెండో కాలితో నేలను తోసుకుంటూ గుండ్రంగా తిరగమంటారు. తర్వాత కాళ్ళు మార్చి మళ్ళీ. చేతికర్రలు ఇవ్వరు. పెద్దవాళ్ళు రెండు కర్రలు పట్టుకుని జర్రున వెళుతుంటే నీకు చిన్నతనంగా అనిపిస్తుందేమో గానీ, చిన్నపిల్లల చేతిలో కర్రలుంటే వాటి మీదే ధ్యాస పోతుంది, పక్కవాడి కంటికీ ప్రమాదం. ఆ తర్వాత కొద్దిపాటి వాలు. దాని పైకి మోసుకెళ్ళడానికి నేల మీద కదిలే పట్టీ ఉంటుంది. ఎయిర్‌పోర్టులో సూట్‌కేసులు వస్తాయే, అలాంటిదే, దాని మీద నిలబడితే చాలు. మేజిక్ కార్పెట్ అంటారు. అన్నయ్య స్కీ కంటే దాన్నే ఎక్కువ ఇష్టపడ్డాడు.

అక్కడ నేర్పే మొదటి విద్య వెళ్ళడం కాదు, ఆగడం. వాలు మీద వెళ్ళడానికి ఎవరూ నేర్పక్కర్లేదు, కొండే లాగేసుకుంటుంది. ఆగడానికి స్కీల ముందు కొసలు దగ్గరగా, వెనక కొసలు దూరంగా పెట్టి, లోపలి అంచుల మీద బరువు వేయాలి. స్కీ అంచులకి ఉక్కు పట్టీ ఉంటుంది, అది మంచుని గీరుతుంది. వెనక ఎంత వెడల్పు చేస్తే అంత గీరుడు, అంత నెమ్మది. పిల్లలకి అర్థమవడానికి ఆ ఆకారాన్ని "పిజ్జా" అంటారు. స్కీలు రెండూ పక్కపక్కన తిన్నగా పెట్టి జారితే అది "ఫ్రెంచ్ ఫ్రైస్". నేను కూర్చున్న గదిలోకి రోజంతా "పిజ్జా! పిజ్జా!" అన్న అరుపులే వినబడేవి, తినడానికి మాత్రం ఒక్క ముక్క ఎవరూ ఇవ్వలేదు. కొసలు దూరం జరిగిపోయే పిల్లలకి ముందు భాగంలో చిన్న రబ్బరు బిళ్ళ బిగించి రెండింటినీ కలుపుతారు. మా చిన్నప్పుడు కాలవలో ఈతకి దిగితే నడుముకి రెండు ఎండు కొబ్బరికాయలు కట్టేవారు, ఇదీ అంతే. ఒంటికి అలవాటయ్యాక తీసేస్తారు, ఎప్పుడు తీశారో కూడా గుర్తుండదు.

ఈ పద్ధతికి వందేళ్ళ చరిత్ర ఉంది. ఆస్ట్రియాలో ఆర్ల్‌బెర్గ్ కొండల్లో హన్నెస్ ష్నైడర్ అనే ఆయన ముందు ఈ కొసలు కలిపే నడక, దాని మీద మలుపు, ఆ పైన వేగం అని మెట్లు మెట్లుగా విడదీసి, జట్లు కట్టి నేర్పాడు. 1920ల నాటికి ఆయన బడి ఐరోపాలో పేరు మోసింది. మీ టీచరు చెప్పేది కూడా దాదాపు ఆ వరసే.

పడడం కూడా నేర్పుతారు. పడబోతున్నావనిపిస్తే పక్కకి ఒరిగి పడు, వెనక్కి కూలబడకు. వెనక్కి కూర్చుంటే స్కీలు నిన్ను వేసుకుని ఇంకా వేగంగా జారతాయి. లేచేటప్పుడు ముందు స్కీలని వాలుకి అడ్డంగా తిప్పుకో. కిందకి తిన్నగా పెట్టి లేస్తే లేచీ లేవకముందే మళ్ళీ ప్రయాణం మొదలవుతుంది.

కొంచెం పట్టు వచ్చాక కుర్చీ లిఫ్ట్ ఎక్కిస్తారు. తీగకి వేలాడే కుర్చీలు కొండ పైకి తీసుకెళతాయి. దీని గురించి నీకో విషయం చెప్పాలి, మన రావులపాలెం వాళ్ళకి తెలియాల్సిన విషయం. ప్రపంచంలో మొదటి కుర్చీ లిఫ్ట్ 1936లో అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో, సన్ వ్యాలీ అనే చోట పెట్టారు. కట్టించింది యూనియన్ పసిఫిక్ అనే రైల్వే కంపెనీ. చలికాలంలో కూడా రైళ్ళకి జనం కావాలి కదా, అందుకని కొండల్లో ఒక విడిది కట్టింది. కొండపైకి జనాన్ని ఎలా చేర్చాలా అని ఇంజనీర్లు తలలు పట్టుకుంటే, జిమ్ కరన్ అనే ఆయనకి అరటిగెలలు గుర్తొచ్చాయి. అంతకుముందు ఆయన ఓడల్లోకి అరటిగెలలు ఎక్కించే ఏర్పాటు మీద పనిచేశాడు. తిరిగే తీగ, దానికి కొక్కేలు, కొక్కేనికో గెల. ఆ కొక్కేలు తీసి కుర్చీలు పెడితే పోలా అన్నాడు! మొదట పైవాళ్ళు ప్రమాదమని ఒప్పుకోలేదట. మనిషి ఎంత వేగంలో ఎక్కగలడో చూడడానికి మంచులేని ఒమాహా ఊళ్ళో లారీ పక్కన కుర్చీ వేలాడదీసి, ఎండుగడ్డి మీద స్కీలతో, తర్వాత రోలర్ స్కేట్లతో మనుషుల్ని నిలబెట్టి పరీక్షించారు. మన అరటి మార్కెట్ యార్డులో సైకిళ్ళకి గెలలు వేలాడేసుకుని వచ్చేవాళ్ళకి ఇది చెబితే ఒక్కడూ నమ్మలేదు. నువ్వు ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు వెనక్కి ఆనుకుని కూర్చో, అడ్డు కమ్మీ దించేదాకా కదలకు. చిన్నపిల్లల్ని పెద్దవాళ్ళ పక్కనే కూర్చోబెడతారు. ఎక్కేచోట భయమేస్తే అక్కడున్న మనిషికి చెబితే లిఫ్ట్ నెమ్మది చేస్తాడు.

దారుల గుర్తులు కూడా తెలుసుకో. ఆకుపచ్చ గుండ్రం తేలిక, నీలం చదరం దానికంటే కష్టం, నల్ల వజ్రం బాగా కష్టం, దాని జోలికి మనం పోవద్దు. ఇది అమెరికా లెక్క, ఐరోపాలో ఎర్ర దారులు కూడా ఉంటాయి. ఎక్కడైనా మారని నియమం ఒకటుంది: నీకంటే ముందు, కింద వెళుతున్నవాళ్ళదే దారి. వాళ్ళకి వెనక కళ్ళు ఉండవు, తప్పుకోవాల్సింది నువ్వే. ఆగి నిలబడాలంటే దారి మధ్యలో కాదు, పక్కకి వెళ్ళి నిలబడు.

మంచులో ఎండదెబ్బ ఏమిటని నవ్వకండి. కొత్త మంచు తన మీద పడిన అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిప్పికొడుతుంది, పైగా ఎత్తుకి వెళ్ళేకొద్దీ అవి పెరుగుతాయి. అంటే ఎండ పైనుంచీ, కిందనుంచీ కూడా. ముక్కు కిందా, గడ్డం కిందా కూడా క్రీము రాయించుకో. కళ్ళద్దాలు తీయకు.

బుజ్జిగా, ఇప్పుడు నీ వంతు. అక్కకిచ్చినంత పొడుగు పాఠం నీకుండదు. మూడేళ్ళ పిల్లలకి చాలా చోట్ల గంటో రెండు గంటలో మంచులో ఆడించి, మిగతా పొద్దంతా లోపల డేకేర్‌లో ఉంచుతారు. బొమ్మలు, రంగులు, అన్నం, నిద్ర. డైపర్ మానని పిల్లల్ని స్కీ పాఠాల్లో సాధారణంగా చేర్చుకోరు, నువ్వు మానేశావు కాబట్టి నీకు ఆ బెంగ లేదు. ఏడుపొస్తే ఏడువు, అక్కడ చాలామంది ఏడుస్తారు. నేను చూసినంతలో అమ్మ కనబడుతున్నంత సేపే ఏడుపు. అందుకే టీచర్లు అమ్మల్ని గుమ్మం దగ్గరే బయల్దేరదీస్తారు. అమ్మ కిటికీ పక్కన దాక్కుని చూస్తే నీకు కనబడిపోతుంది, మళ్ళీ మొదటికొస్తుంది.

చిట్టీ, ఇది అమ్మకి చెప్పు. ఫారంలో టీకాలు, పడని తిండి, నిద్ర వేళ అన్నీ అడుగుతారు. వాడు బువ్వ, ఉచ్చ, నీళ్ళు, జోల అంటే ఆ టీచర్లకి అర్థం కాదు. ఆ నాలుగు మాటలూ ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, పక్కన అర్థం పెట్టి, కాగితం సంచిలో వేయమను. టోపీ నుంచి గ్లవ్స్ దాకా అన్నిటి మీదా పేరు రాయమను, అక్కడ అందరివీ ఒకేలా ఉంటాయి. జీడిపప్పు వేసిన పూతరేకులు డేకేర్ సంచిలో పెట్టొద్దు, వేరే పిల్లలకి పప్పులు పడకపోతే ప్రాణం మీదకొస్తుంది. అవి పెద్దమ్మ ఇంట్లోనే తినండి.

తీసుకెళ్ళడానికి ఎవరొస్తారో వాళ్ళ పేర్లన్నీ ముందే రాయించాలి. ఒకరోజు అన్నయ్యని తేవడానికి నేను వెళితే ఇవ్వలేదు. వాడు "తాతయ్యా" అంటూ పరుగెత్తుకొచ్చి నా కాళ్ళు చుట్టేశాడు, అయినా ఆ అమ్మాయి కదల్లేదు. కాగితం మీద మీ పెద్దమ్మ, పెదనాన్న పేర్లే ఉన్నాయి. నా పాస్‌పోర్టు చూసి, నవ్వి, తిరిగి చేతిలో పెట్టింది. పెద్దమ్మ కొండ దిగేదాకా ముగ్గురం అక్కడే నిలబడ్డాం. మన ఊళ్ళో అయితే ఫలానావారి మనవడంటే చాలు, బడి నుంచి ఎవరైనా సైకిలెక్కించుకొచ్చేస్తారు. అప్పుడు నాకు ఒళ్ళు మండింది గానీ, ఇప్పుడు మీ ఇద్దర్నీ పంపుతుంటే ఆ అమ్మాయి లాంటిదే గుమ్మంలో ఉండాలనిపిస్తోంది.

అమెరికాలోనే నేర్చుకోవాలని లేదు సుమా. మన కశ్మీరులో గుల్‌మార్గ్‌లో, ఉత్తరాఖండ్‌లో ఔలీలో కూడా నేర్పుతారు. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌కి మన దేశం నుంచి ఒక్కడే వెళ్ళాడు, ఆరిఫ్ ఖాన్. గుల్‌మార్గ్ వాలుల మీద నాలుగేళ్ళప్పుడు మొదలుపెట్టినవాడే.

వచ్చాక ఏ గుర్తు దారి దాకా వెళ్ళావో, ఎన్నిసార్లు పడ్డావో ఉత్తరం రాయి. ఫోనులో చెబితే సగంలోనే అమ్మమ్మ లాగేసుకుని సాక్సుల సంగతి అడుగుతుంది.

మీ
తాతయ్య