గాల్‌బ్లాడర్‌కి ట్యూబ్ వేయడం: అపోహలు - వాస్తవాలు

గాల్‌బ్లాడర్‌లో రాయి అడ్డుపడి చీము పట్టి, బీపీ పడిపోయి, గుండె పంపింగ్ తక్కువ కాబట్టి మత్తు ఇవ్వడం రిస్క్ అని అనస్థీషియా డాక్టర్ చెప్పేసిన పేషెంట్లు మా రేడియాలజీకి వస్తారు, వాళ్లకి స్కాన్‌లో చూస్తూ బయటినుంచి ట్యూబ్ వేస్తాం. దాని గురించి బంధువులు అనే మాటలే ఇవి.

అపోహ: ఆపరేషన్ చెయ్యలేం అన్నారంటే చేతులెత్తేసినట్టే, ఇంటికి తీసుకెళ్లిపోదాం.

వాస్తవం: దయచేసి తీసుకెళ్లకండి. ఆ టైంలో చీము బయటికి రావడమే అసలు వైద్యం. కుడి పక్కటెముకల దగ్గర మొద్దుబారే ఇంజెక్షన్ ఇచ్చి, అల్ట్రాసౌండ్‌లో సూది మొన చూసుకుంటూ ఎక్కువగా లివర్‌లోంచే లోపలికి వెళ్తాం (భయపడతారు గానీ అలా వెళ్తేనే పసరు (బైల్, అంటే పిత్తరసం) పొట్టలోకి కారే ఛాన్స్ తక్కువ), సూదిలోంచి సన్న తీగ, తీగ మీదుగా 8 ఫ్రెంచ్ ట్యూబ్, అంటే 3 మిల్లీమీటర్ల లోపు లావు, లోపల దాని కొస చుట్టుకుని జారకుండా ఉంటుంది. ముందు చిక్కటి నల్ల పసరో చీమో వస్తుంది, ఏ క్రిమో తెలియడానికి కొంచెం కల్చర్ టెస్టుకి పంపుతాం. చాలామందికి రెండు మూడు రోజుల్లో జ్వరం దిగుతుంది.

అపోహ: ట్యూబ్‌లోంచి రాళ్లు కూడా వచ్చేస్తాయి.

వాస్తవం: రావు. రాళ్లు అక్కడే ఉంటాయి, మళ్లీ ఇన్ఫెక్షన్ రావొచ్చు, అందుకే ఒళ్లు కుదుటపడ్డాక ఆపరేషన్‌కి పనికొస్తారా అని సర్జన్ మళ్లీ చూడాలి.

అపోహ: వయసైన వాళ్లందరికీ ఆపరేషన్ కన్నా ట్యూబే సేఫ్.

వాస్తవం: కాదు, ఈ మాట ట్యూబ్ వేసే నేనే చెప్తున్నా. నెదర్లాండ్స్‌లో హై రిస్క్ పేషెంట్ల మీద చేసిన చాకొలేట్ అనే పేరున్న ట్రయల్ 2018లో వచ్చింది, అందులో పెద్ద కాంప్లికేషన్లు లాపరోస్కోపీతో (చిన్న రంధ్రాలు పెట్టి) గాల్‌బ్లాడర్ తీయించుకున్నవాళ్లలో 12 శాతం, ట్యూబ్ వేయించుకున్నవాళ్లలో 65 శాతం. మరీ సీరియస్‌గా ఉన్నవాళ్లని అందులో తీసుకోలేదు, వాళ్లకి ట్యూబ్ ఇప్పటికీ కావాలి. కాబట్టి 80 ఏళ్లు అన్న ఒక్క కారణంతో ఆపరేషన్ వద్దనకండి.

అపోహ: జ్వరం తగ్గింది, ట్యూబ్ తీయించేద్దాం.

వాస్తవం: ట్యూబ్ చుట్టూ దారి గట్టిపడాలి, మామూలుగా 3 నుంచి 6 వారాలు, షుగర్ ఉన్నవాళ్లకి, స్టెరాయిడ్లు వాడేవాళ్లకి ఇంకా లేటవ్వొచ్చు. తొందరపడి తీస్తే పసరు పొట్టలోకి కారుతుంది. తీసేముందు డై ఎక్కించి పసరు పేగులోకి వెళ్తోందా అని ఎక్స్‌రేలో చూస్తాం. అప్పటిదాకా డాక్టర్ చెప్పినట్టు ట్యూబ్ మూసుకుపోకుండా సెలైన్‌తో మెల్లగా ఫ్లష్ చెయ్యండి, బ్యాగ్ నడుము కన్నా కిందే ఉంచండి, పక్క మార్చేటప్పుడు ముందు ట్యూబ్ ఎక్కడుందో చూసుకోండి, అక్కడే ఎక్కువగా లాగేస్తారు. ట్యూబ్ ఊడినా, పసరు ఉన్నట్టుండి ఆగి నొప్పో జ్వరమో వచ్చినా, మీరే లోపలికి తొయ్యకుండా అదే రోజు హాస్పిటల్‌కి వచ్చేయండి.