నీళ్లలో పేలుడు, రేకుకు రూపం

చంద్రుడి మీదికి మనుషుల్ని పంపిన సాటర్న్-5 రాకెట్ రెండో దశ అడ్డుకొలత 10 మీటర్లు. దాని ఇంధన ట్యాంకులకు గుమ్మటం ఆకారపు మూతలు కావాలి. ఒక్కో మూతను కమలాపండు తొనల్లాంటి అల్యూమినియం ముక్కలు 12 చేసి, వెల్డింగుతో అతికించారు. ఆ తొనలకు వంపు తెచ్చింది పేలుడు పదార్థం. 1960లలో కాలిఫోర్నియాలోని ఎల్ టోరోలో, 2 లక్షల లీటర్లకు పైగా నీళ్లు పట్టే తొట్టిలో ఆ పని జరిగింది.

పేలుడుకు రేకు తునాతునకలు కాదా? కాకుండా చూడటంలోనే ఉంది నేర్పంతా. ముందుగా, కావాల్సిన ఆకారం గుంటగా ఉన్న డై (అచ్చు) మీద రేకు పరిచి, అంచుల్ని రింగుతో బిగిస్తారు. రేకుకూ డైకీ మధ్య ఉన్న గాలిని వ్యాక్యూమ్ పంపుతో లాగేస్తారు. మొత్తాన్ని నీళ్లలో ముంచి, రేకుకు కొంత ఎత్తులో చార్జ్ (పేలుడు పదార్థపు ముద్ద) వేలాడదీసి పేలుస్తారు. రేకును నొక్కి వంచే యంత్రం, అంటే ప్రెస్‌లో అయితే పైనుంచి దిగే జోడీ డై ఒకటి కావాలి. ఇక్కడ ఆ పని నీళ్లే చేస్తాయి.

గాలి తీసెయ్యడం చిన్న పనిలా కనిపిస్తుంది కానీ, నాకు అన్నిటికంటే ముచ్చటేసేది అదే. పేలుడు దెబ్బకు రేకు సెకనుకు వంద మీటర్లు దాటే వేగం కూడా అందుకోగలదు. లోపల గాలి మిగిలితే అది బయటపడే వ్యవధి ఉండదు. ఒక్కసారిగా నలిగి, విపరీతంగా వేడెక్కి, రేకును డైకి అంటుకోనివ్వదు. సీల్ దగ్గర కాస్త లీకున్నా పని చెడుతుంది.

ఇక నీటి సంగతి. ఒక కిలో టీఎన్‌టీ అనే పేలుడు పదార్థాన్ని నీళ్లలో పేల్చితే, మీటరు దూరంలో పీడనం మామూలు వాతావరణ పీడనానికి సుమారు 500 రెట్లు ఉంటుంది. దూరం రెట్టింపు చేస్తే అది సగం కంటే కాస్త తక్కువకు పడిపోతుంది. అందుకే చార్జ్ బరువెంత, ఎంత ఎత్తులో పెట్టాలి అన్నదే ఇంజనీర్ల అసలు లెక్క. మరీ దగ్గరైతే రేకు మధ్యలో పలచబడి చిరుగుతుంది. దూరమైతే డై మూలల దాకా చేరదు. పొడవాటి ముక్కలకు చార్జ్‌ను ఒకే ముద్దగా కాకుండా, పేలుడు పదార్థం నింపిన తాడులాంటి డిటొనేటింగ్ కార్డును రేకు పొడవునా పరుస్తారు.

అంత వేగంలో లోహం ఎంత సూక్ష్మమైన ఆకారాన్నైనా పట్టేస్తుంది. 1888లో అమెరికా నౌకాదళానికి చెందిన న్యూపోర్ట్ కేంద్రంలో రసాయన శాస్త్రవేత్త చార్లెస్ మన్రో ఇనుప పలకకూ, గన్‌కాటన్ అనే పేలుడు పదార్థానికీ మధ్య చెట్టు ఆకు పెట్టి పేల్చితే, ఆ ఆకు ఇనుము మీద అచ్చుపడింది. పైగా ఇలా మలిచిన రేకు, ప్రెస్‌లో వంచినదానిలా తిరిగి వెనక్కి లేవడం బాగా తక్కువ.

ముక్కలు కొన్నే కావాలంటే డైని కాంక్రీటుతో పోసి, లోపల ఎపాక్సీ (గట్టిపడే జిగురు) పూత వేసినా చాలు. భారీ ప్రెస్ కొనే ఖర్చు తప్పుతుంది. అయితే రేకు బిగించడం, గాలి తీయడం, పేల్చడం, మళ్లీ విప్పడం అన్నీ ప్రతి ముక్కకూ మొదటి నుంచి చెయ్యాల్సిందే. రోజుకు వేల కారు డోర్లు కావాల్సిన ఫ్యాక్టరీకి ఇది పనికిరాదు.